కపాలం బొమ్మ వెనుక పాట

అమెరికాలో షికాగో నగరానికి పడమరగా ఆరోరా అనే ఊరుంది. 1979లో ఆ ఊరి కుర్రాళ్లు కొందరు కలిసి ఒక బ్యాండ్ పెట్టుకున్నారు. దానికి 'ట్రబుల్' అని పేరు పెట్టారు. ఆ మాటకు కష్టం, ఇక్కట్టు అని అర్థం. పాడేవాడు ఎరిక్ వాగ్నర్. గిటార్లు వాయించేవాళ్లు ఇద్దరు, రిక్ వార్టెల్, బ్రూస్ ఫ్రాంక్లిన్. డ్రమ్స్ జెఫ్ ఓల్సన్. 1984లో వీళ్ల మొదటి ఆల్బమ్ వచ్చింది. మొదట దానికీ బ్యాండ్ పేరే ఉండేది. తర్వాత అందరూ దాన్ని 'సామ్ నైన్' అని పిలవసాగారు. సామ్ నైన్ అంటే మరేమిటో కాదు, మన బైబిల్లోని 9వ కీర్తనే!

ఈ బ్యాండ్ వాయించే సంగీతానికి 'డూమ్ మెటల్' అని పేరు. ఆ రోజుల్లో మెటల్ బ్యాండ్లన్నీ వేగంలో పోటీ పడుతుండేవి. ఎవరెంత వేగంగా వాయిస్తే అంత గొప్ప. వీళ్లు మాత్రం అందుకు విరుద్ధంగా నెమ్మదిగా, బరువుగా వాయించారు. శ్మశానానికి వెళ్లే ఊరేగింపు నడక ఎలా ఉంటుందో వాళ్ల పాట నడక అలా ఉంటుంది. గిటార్ తీగలను వదులు చేసి శ్రుతిని కిందికి దించుతారు. స్వరం గొంతులోంచి కాక భూమిలోంచి వస్తున్నట్టుంటుంది. 'డూమ్' అనే మాటను ఇప్పుడు వినాశనం అనే అర్థంలో వాడుతున్నారు గానీ, పాత ఇంగ్లిషులో దాని అర్థం 'తీర్పు'. లోకాంత దినాన్ని ఇంగ్లిషువాళ్లు డూమ్స్‌డే అన్నది అందుకే. 9వ కీర్తన తెరిచి చూడండి. దేవుడు సింహాసనం మీద కూర్చుని లోకానికి న్యాయం తీర్చడం, నలిగిపోయినవాళ్ల మొరను ఆయన మరచిపోకపోవడం, ఇదంతా అందులో ఉంది. ఆ కీర్తన పాత ఇంగ్లిషు అనువాదంలో 'ట్రబుల్' అనే మాట కూడా రెండుసార్లు కనిపిస్తుంది.

ఇలాంటి సంగీతానికి మూలపురుషులెవరని అడిగితే ఎవరైనా చెప్పే పేరు ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో 1968లో పుట్టిన 'బ్లాక్ సబ్బత్'. వాళ్ల గిటారిస్టు టోనీ ఐయోమీ పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పని చేస్తుండగా యంత్రంలో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అతను ఎడమచేతి వాటం వాడు గనుక తీగలు నొక్కవలసింది ఆ వేళ్లతోనే! ఇక గిటార్ మాట మరచిపొమ్మన్నారు. అతను ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. తీగల బిగింపు తగ్గిస్తే నొప్పి తగ్గుతుందని వదులు చేశాడు. దాంతో స్వరం కిందికి దిగి బరువెక్కింది. ప్రపంచమంతా ఆ తర్వాత అనుకరించిన ఆ ధ్వని వెనుక ఒక కార్మికుడి తెగిన వేళ్లున్నాయి.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పుకోవాలి. బ్లాక్ సబ్బత్ మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న విడుదలైంది. దాని అట్ట లోపలి పుటల్లో తలకిందులుగా ఉన్న సిలువ బొమ్మ ఉంది. ఆ బొమ్మ వేసింది బ్యాండ్ వాళ్లు కాదు, రికార్డు కంపెనీవాళ్లు. అమ్మకానికి పనికొస్తుందని వేశారు. బ్యాండ్‌కు సైతాను ముద్ర పడిపోయింది. పాటలు రాసే గీజర్ బట్లర్ కతోలిక కుటుంబంలో పెరిగినవాడు. 1971లో అతను రాసిన 'ఆఫ్టర్ ఫరెవర్' అనే పాట దేవుణ్ణి నమ్మడానికి సిగ్గుపడేవాళ్లను నిలదీస్తుంది. బ్యాండ్ వాళ్లు మెడలో వేసుకున్న సిలువలను చేసిచ్చింది ఓజీ ఆస్బోర్న్ తండ్రి. అయినా ముద్ర మాత్రం పోలేదు. ఆ బ్యాండ్ 2025 జులై 5న సొంత ఊళ్లో చివరి కచేరీ చేసింది. 17 రోజులకు గాయకుడు ఓజీ ఆస్బోర్న్ చనిపోయాడు. అప్పుడు పత్రికల్లో వచ్చిన వ్యాసాల్లోనూ సైతాను ప్రస్తావన తప్పలేదు.

ట్రబుల్ విషయంలో జరిగింది దీనికి సరిగ్గా తిరగేసిన కథ. 1982లో వెనమ్ అనే ఇంగ్లిషు బ్యాండ్ 'బ్లాక్ మెటల్' పేరుతో ఆల్బమ్ తెచ్చింది. సైతాను పేరు వాడుకోవడం అప్పట్లో ఒక ఫ్యాషనైపోయింది. అందరూ అటు వెళ్తుంటే ఎరిక్ వాగ్నర్ ఇటు వచ్చాడు. అతనూ కతోలికుల ఇంట్లో పెరిగినవాడే. చిన్నప్పటి నుంచి విన్న బైబిల్ మాటలు, ప్రకటన గ్రంథంలోని దృశ్యాలు, శోధకుడి కుయుక్తులు అతని పాటల్లోకి వచ్చాయి. రికార్డు కంపెనీ వాళ్లు చూశారు. బ్లాక్ మెటల్ అమ్ముడవుతోంది కదా, దీన్ని 'వైట్ మెటల్' అని అమ్ముదాం అనుకున్నారు! ఆ చీటీ అతికించింది కంపెనీయే. వాగ్నర్‌కు అది ఏనాడూ నచ్చలేదు. తమది సువార్త దళం కాదని, తాము నలుగురైదుగురు మనుషులమని, తమకు తెలిసినదే పాడుతున్నామని చెబుతూ వచ్చాడు. కానీ అట్ట మీద చీటీ ఒకసారి పడ్డాక ఎవరు వింటారు? మెటల్ వినేవాళ్లు వీళ్లను చర్చివాళ్లన్నారు. చర్చివాళ్లు వీళ్లను మెటల్ వాళ్లన్నారు. రెండు ఇళ్ల చుట్టం పస్తు పడుకున్నట్టయింది.

అదే కాలంలో కాలిఫోర్నియాలో స్ట్రైపర్ అనే బ్యాండ్ పసుపు, నలుపు చారల బట్టలు వేసుకుని వేదిక మీది నుంచి జనంలోకి కొత్త నిబంధన ప్రతులు విసిరేది. వాళ్ల ఉత్సాహాన్ని నేను తప్పుపట్టను. అయితే వాళ్ల పాటలు గెలిచినవాడి పాటలు. ట్రబుల్ వాళ్లవి ఇంకా గెలవనివాడి పాటలు. 1985లో వచ్చిన వాళ్ల రెండో ఆల్బమ్ పేరు 'ది స్కల్'. అంటే కపాలం.

మా సంఘంలో రైల్వేలో పని చేసి రిటైరైన ఒక పెద్దమనిషి కొన్నేళ్ల కిందట తన కొడుకును వెంటబెట్టుకుని సీతాఫల్‌మండిలోని మా ఇంటికి వచ్చాడు. కుర్రాడు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. ఒంటి మీద నల్ల టీషర్టు, దాని మీద కపాలం బొమ్మ. ''అయ్యగారూ, వీడు రాత్రంతా చెవుల్లో ఏవో పెట్టుకుని ఆ దిక్కుమాలిన పాటలు వింటున్నాడు. వీడికి ఏదో పట్టింది. తలమీద చెయ్యేసి ప్రార్థన చెయ్యండి'' అన్నాడు తండ్రి. ఆ ఇంటి తల్లి పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ప్రార్థన చేశాను. తర్వాత ''ఏం వింటున్నావు నాన్నా, నాకూ వినిపించు'' అని అడిగాను. వాడు నమ్మలేనట్టు నా మొహం చూసి, ఫోను తీసి వినిపించాడు. మాటలు పట్టుకోవడానికి కాస్త సమయం పట్టింది. పిలాతు ఉన్నాడు, గుంపు ఉంది, సిలువ ఉంది. అది గొల్గొతా పాట! గొల్గొతా అంటే కపాల స్థలమని మనం ప్రతి శుభశుక్రవారం చదువుతూనే ఉన్నాం. పాత కాలపు సిలువ చిత్రాల్లో, సిలువ మొదట్లో ఒక కపాలం గీసి ఉంటుంది. అది ఆదాము కపాలమని అప్పటివాళ్లు చెప్పుకొనేవారు. తండ్రికి ఈ సంగతి చెబితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కుర్రాడు ఒక మాట అడిగాడు: ''అయ్యగారూ, ఆదివారం మనం పాడే పాటల్లో ఏడవడానికి ఒక్కటైనా ఉందా?''

ఆ ప్రశ్న నాలో మిగిలిపోయింది. సెమినరీలో మాకు పాత నిబంధన చెప్పేటప్పుడు జర్మన్ పండితుడు హెర్మన్ గుంకెల్ (1862-1932) పేరు తరచూ వచ్చేది. కీర్తనలను స్వభావాన్ని బట్టి రకాలుగా విడదీసినవాడు ఆయన. అలా విడదీసి చూస్తే అన్నిటికన్నా ఎక్కువగా తేలినవి విలాప కీర్తనలు. 150లో సుమారు మూడో వంతు! వాటిలో చాలావాటికి చివర ఒక మలుపు ఉంటుంది. ఏడ్చినవాడు కళ్లు తుడుచుకుని స్తుతిస్తాడు. 88వ కీర్తనకు ఆ మలుపు కూడా లేదు. అది చీకటితో మొదలై చీకటిలోనే ఆగిపోతుంది. దాన్ని కూర్చినవాళ్లు తీసేయలేదు, చివర ఒక హల్లెలూయ అతికించనూ లేదు. దేవాలయంలో పాడుకోమని అలాగే ఉంచారు.

మన తెలుగు సంఘాలకూ ఈ సంప్రదాయం కొత్తది కాదు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం ఇప్పటికీ మన ఇళ్లలో ఉంది. పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) మొదలైన పెద్దలు రాసిన ఆ కీర్తనల పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఏ భావానికి ఏ రాగం, ఎంత నెమ్మదిగా పాడాలి అన్నది వాళ్లకు తెలుసు. శోకం ముఖారిలో పలికినట్టు మరో రాగంలో పలకదని సంగీతం వచ్చినవాళ్లు అంటారు. శ్రమల దినాల కీర్తన ఒకటి పాత పద్ధతిలో, విలంబంలో పాడి చూడండి. ఇప్పుడు మన ఆరాధనల్లో కీబోర్డులు, ప్యాడ్లు, డ్రమ్ముల మోత ఎక్కువైంది. తప్పని నేననను, పిల్లలు సంతోషంగా చప్పట్లు కొడుతుంటే నాకూ ఆనందమే. కానీ ఆ వారమే భర్తను పాతిపెట్టి వచ్చిన ఆమె మూడో వరుసలో కూర్చుని ఉంటుంది. ఆమె కూడా చప్పట్లు కొట్టాలా? ఆమె పాట ఎవరు పాడతారు?

ది స్కల్ ఆల్బమ్‌లో 'ది విష్' అనే పాట ఉంది. పదకొండు నిమిషాలకు పైగా సాగుతుంది. ప్రాణం తీసుకోవాలనుకునే ఒక మనిషి ఆ తలపుతో పెనుగులాడుతూ దేవునితో మాట్లాడడమే ఆ పాట. పాస్టరుగా ఆ పాట గురించి రాయడానికి నాకు కొంత భయముంది. 2019 ఏప్రిల్లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చాక 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మన ఇళ్లు, హాస్టళ్లు అప్పుడు ఎలా ఉన్నాయో అందరికీ గుర్తే. చీకట్లో ఉన్నవాడికి చీకటి పాట విని తీరాలని నేను చెప్పను. వాడికి కావలసింది పక్కన కూర్చుని వినే మనిషి, అవసరమైతే డాక్టరు. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. కానీ ఆ తలపును నోరు తెరిచి చెప్పుకోవడమే పాపమన్నట్టు మనం ఉంటే, చెప్పేవాడు చెప్పడు. ఏలీయా బదరీ చెట్టు కింద కూర్చుని తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడిగాడు. దేవుడు అతన్ని గద్దించలేదు, ఉపన్యాసం చెప్పలేదు. రొట్టె, నీళ్లు పెట్టించి మళ్లీ పడుకోనిచ్చాడు.

ట్రబుల్ వాళ్లను పరిశుద్ధులుగా చూపించాలని నా ఉద్దేశం కాదు. వాళ్ల చరిత్ర అంత సాఫీగానూ లేదు. 1986 నాటికే బేస్ గిటారిస్టు, డ్రమ్మర్ ఇద్దరూ మారిపోయారు. 1987లో వచ్చిన మూడో ఆల్బమ్‌తో పాత కంపెనీ రుణం తీరింది. తర్వాత వాళ్లను పిలిచినవాడు రిక్ రూబిన్. దేవుడి మాటెత్తితే ఎగతాళి చేసే స్లేయర్ బ్యాండ్‌కు రికార్డులు చేసినవాడు అతనే. వృద్ధాప్యంలో ఎవరూ పట్టించుకోని జానీ క్యాష్‌ను 1994లో ఒక్క గిటార్‌తో కూర్చోబెట్టి పాడించినవాడూ అతనే. రూబిన్ చేతుల మీదుగా 1990లో, 1992లో రెండు ఆల్బమ్‌లు వచ్చాయి. వాటిలో బైబిల్ మాటలు పలచబడ్డాయి. బీటిల్స్ మీద వాగ్నర్‌కున్న మక్కువ, చెదిరిన మనసు చూసే వింత రంగులు ఎక్కువయ్యాయి. వినడానికి బాగానే ఉంటాయి. నాకు మాత్రం మొదటి రెండింటిలో ఉన్న బరువు వాటిలో కనిపించదు. పేరు వస్తుందనుకున్న చోట డబ్బు రాలేదు. పెద్ద కంపెనీ చెయ్యి వదిలేసింది. 1995లో ఇంకొక ఆల్బమ్ చేశారు. 1997లో వాగ్నర్ వెళ్లిపోయాడు.

అతని స్థానంలో న్యూ ఓర్లీన్స్‌కు చెందిన కైల్ థామస్ పాడాడు. కొన్నేళ్లకు వాగ్నర్ తిరిగొచ్చాడు. పాతవాళ్లు కలిసి ఎంతో కష్టపడి 2007లో ఒక ఆల్బమ్ తెచ్చారు. మరుసటి ఏడే వాగ్నర్ మళ్లీ వెళ్లిపోయాడు. ఈసారి తిరిగి రాలేదు. ఇంకొక గాయకుడు వచ్చాడు, నాలుగేళ్లుండి వెళ్లాడు, మళ్లీ కైల్ థామస్ వచ్చాడు. 2012లో వాగ్నర్, పాత డ్రమ్మర్ ఓల్సన్, పాత బేస్ గిటారిస్టు రాన్ హోల్జ్‌నర్ కలిసి వేరే బ్యాండ్ పెట్టారు. దాని పేరు 'ది స్కల్', తమ రెండో ఆల్బమ్ పేరే! గిటారిస్టులు ఇద్దరి దగ్గర ట్రబుల్ అనే పేరు ఉండిపోయింది. పాడిన గొంతు ఇటు వచ్చేసింది. రెండు బ్యాండ్లూ అవే పాత పాటలు పాడుకుంటూ ఊళ్లు తిరిగాయి. మన పేటల్లో సంఘాలు చీలినప్పుడు కూడా ఇంతే కదా! బోర్డు ఒకరికి, పాటల పుస్తకం ఇంకొకరికి దక్కుతుంది.

అపొస్తలుల కార్యాలు 15వ అధ్యాయం చదివేటప్పుడు చాలామంది ప్రసంగీకులు చివరి వచనాలు దాటేస్తారు. యెరూషలేము సభ ఎంత గొప్పగా ముగిసిందో చెప్పి ఆపేస్తారు. ఆ వెంటనే పౌలు, బర్నబా పోట్లాడుకున్నారు. మార్కును వెంట తీసుకెళ్లాలా వద్దా అన్నదే గొడవ. మాట మాట పెరిగి ఒకరు ఓడెక్కి కుప్రకు, ఇంకొకరు సిరియా వైపు వెళ్లిపోయారు. వాళ్లిద్దరూ మళ్లీ కలిసి ప్రయాణం చేసినట్టు లూకా ఎక్కడా రాయలేదు. మార్కును మాత్రం చాలా ఏళ్ల తర్వాత చెరసాలలో ఉన్న పౌలే తన దగ్గరికి తీసుకురమ్మని కబురు పెట్టాడు. లూకా ఈ గొడవను దాచిపెట్టి ఉండవచ్చు. దాచలేదు. రోషం, పట్టుదల, పాత లెక్కలు ఉన్నవాళ్ల చేతుల మీదుగానే సువార్త ప్రపంచమంతా తిరిగింది.

వాగ్నర్ కొత్త బ్యాండ్ 2014లో తెచ్చిన ఆల్బమ్‌కు 'నిద్రించినవారి కొరకు' అనే అర్థం వచ్చే ఇంగ్లిషు పేరు పెట్టారు. థెస్సలొనీకయ సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయం తెలిసినవాళ్లకు ఆ పేరు వినగానే అది గుర్తుకొస్తుంది. మనం సమాధుల తోటలో ప్రతిసారీ చదివే భాగమది. వైట్ మెటల్ అనే చీటీని జీవితమంతా వద్దన్నవాడు యాభయ్యయిదేళ్ల వయసులో మళ్లీ ఆ పుస్తకం పేజీల్లోకే వచ్చాడు. ఈసారి ఎవరూ చీటీ అతికించలేదు. 2018లో ఇంకొక ఆల్బమ్ వచ్చింది. మధ్యలో బ్లాక్‌ఫింగర్ అనే మరో చిన్న బ్యాండ్‌తోనూ పాడాడు.

2021 మన ఊరికి ఎలాంటి ఏడాదో నేను చెప్పనక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో నారాయణగూడ సమాధుల తోటలో పెట్టె దించడానికి బంధువులు నలుగురు కూడా ఉండేవారు కాదు. పీపీఈ కిట్లు వేసుకున్నవాళ్లే ఉండేవారు. మాస్కులోంచి వాక్యం చదివితే అది నాకే వినిపించేది కాదు. పాట పాడడం అసలే కుదిరేది కాదు. చనిపోయినవాళ్లను పాటతో సాగనంపడం మన తెలుగు క్రైస్తవులకు ఎంత అవసరమో ఆ రెండు నెలల్లో తెలిసింది. నెలలు గడిచాక కొన్ని కుటుంబాలు వచ్చి, అప్పుడు పాడని కీర్తనను ఇప్పుడు తమ ఇంట్లో పాడమని అడిగాయి. వెళ్లి పాడాం.

ఆ ఆగస్టులో అమెరికాలో ది స్కల్ బ్యాండ్ కచేరీలకు బయల్దేరింది. దారిలో వాళ్లకు కోవిడ్ సోకింది. ఎరిక్ వాగ్నర్‌కు అది న్యుమోనియాగా మారింది. 2021 ఆగస్టు 22న ఆయన చనిపోయాడు. వయసు 62. అప్పటికి ఆయన ట్రబుల్‌ను విడిచి పదమూడేళ్లు. మొదటి రోజు నుంచి ఆయన పక్కన నిలబడి వాయించిన వార్టెల్, ఫ్రాంక్లిన్‌లతో కలిసి మరొక ఆల్బమ్ చేసే అవకాశం ఇక లేకుండా పోయింది. ట్రబుల్ పేరు మాత్రం ఆ గిటారిస్టుల దగ్గరే ఉంది. 1984 నాటి ఆ 9వ కీర్తన ఆల్బమ్‌ను కొత్త తరాలు ఇప్పటికీ కొనుక్కుని వింటున్నాయి.

చనిపోక ముందు వాగ్నర్ తన సొంత పేరు మీద ఒక ఆల్బమ్ రికార్డు చేసి ఉంచాడు. అది 2022లో విడుదలైంది. దాని పేరు 'ఇన్ ద లోన్లీ లైట్ ఆఫ్ మోర్నింగ్'. ఇంగ్లిషులో ఉదయానికి, శోకానికి పలికే మాట ఒక్కలాగే ఉంటుంది, అక్షరాల్లో తేడా అంతే. చెవితో వింటే ఒంటరి ఉదయపు వెలుగు అనిపిస్తుంది. అట్ట మీద ఆయన రాయించింది మాత్రం శోకం అనే అక్షరాలు.